ఫొటోలో ఉన్న గరిటె

సాయంత్రం నాలుగున్నరకి
ఉదయగిరి దుర్గం మీదనుంచి ఎండ
మా వసారాలోకి అడ్డంగా దిగతాది.
ఫొటో అప్పుడే తియ్యాలంట.
మా అక్క కూతురు తహసీన్ చెప్పింది.
అంతకు ముందుది కళ్లల్లో పొడిచే వెలుగంట,
ఆ తర్వాతది ఆరిపోయిన టీ.

బిందెకి ఫోను ఆనించి
"ఖాలా, మొహం అక్కర్లా, చేతులు చాలు" అనింది.
నలభై ఏళ్లుగా ఈ చేతుల్ని ఎవురూ చూళ్లా.
నెల్లూరు ఎగ్జిబిషన్లో గరిటె తిరగేసి
ధర అడిగినోళ్లు కూడా
గరిటెనే చూశారు.

బాడిస ఎత్తినా.
బిక్కి చెక్క పెచ్చులు పెచ్చులుగా ఒళ్లో రాలింది.
"మెల్లిగా" అంటాది. "ఇంకోసారి" అంటాది.
చెక్కకి ఇంకోసారి యాడుంది తల్లీ,
దెబ్బ పడిందంటే పడిందే.

రాత్రి మేడెక్కి, సిగ్నల్ దొరికే మూల నిలబడి,
తీసింది నాకు చూపించింది.
నా చూపుడువేలు!
చిన్నప్పుడు ఉలి తిని, సగం గోరు మళ్లా మొలవని వేలు,
దానికి నిండుగా గోరుంది.
చెయ్యి పెళ్లికూతురి చెయ్యిలా తెల్లగా ఉంది.
"ఎవురిదే ఇది?" అన్నా.
కాసేపు ఏం మాట్లాడలా. తర్వాత
వేలితో ఒక్క గీత గీసి
నా గోరు నాకు ఊడబెరికి ఇచ్చింది.

మా అబ్బా ఉన్నప్పుడు
ముప్పై గరిటెలు గోనెలో కట్టుకుని
తెల్లారగట్ట బస్సుకి నెల్లూరు పోయేవాడు.
కొట్టు యజమాని ఒక్కొక్కటీ ఎత్తి
బుడిపె ఉన్నదల్లా పక్కన పెట్టేవాడు.
బుడిపెకి రెండు రూపాయలు కోత.
వెనక్కొచ్చిన గరిటెలతోనే
మా ఇంట్లో పప్పు ఎనపడం, పులుసు కలపడం.
నేను పెరిగింది బుడిపెల మీదే.

ఇప్పుడు చూడు.
కాడ మీద కన్ను తెరిచినట్టు నల్ల బుడిపె ఉన్న గరిటె,
పొరపాటున వీడియోలో పడిందే, అది
పద్దెనిమిది వేలమంది చూశారంట.
ఉదయగిరిలో అందరూ కలిసినా
అంతమంది ఉంటారో ఉండరో.

"మాకు అదే కావాలి."
"ఆ కన్ను ఉన్నదే పంపండి."
పూణే నుంచి ఒకామె యాభై అడిగింది,
యాభైకీ అదే చోట, అదే కన్ను.
ఇంకెవురో, "ధర ఎంత?"
ఇంకెవురో, "ప్లాస్టిక్‌ది ముప్పైకే వస్తుంది కదా."

తహసీన్ ఫోను పట్టుకుని నా మొహం చూసింది.
నేను ఉప్పుకాగితం రుద్దతా చెప్పినా,
తను రాసింది:

అమ్మా, ఆ బుడిపె నేను పెట్టింది కాదు.
చెట్టుకి కొమ్మ పుట్టిన చోటది.
కొమ్మ ఎప్పుడో పోయింది, చోటు మిగిలింది.
మీకొచ్చే గరిటెకి దాని చోటు దానికుంటాది.
లేకుంటే, లేదు.

యాభైలో నలభైమూడు పోయినయ్.
ఏడు నిలిచినయ్.
తహసీన్ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలా.
నేను మాత్రం ఏడు ముక్కలు కోసుకున్నా.
ఏడు, మా అబ్బా గోనెలోంచి
ఒక్కోసారి అమ్ముడుపోయినవాటికంటే ఎక్కువే.

పోస్టాఫీసులో ఖాజావలీ
పొట్లం తూకమేసి, ఊపి చూసి
"ఇందులో ఏముండాది బీబీ, ఇంత తేలిగ్గా ఉంది" అన్నాడు.
"కొమ్మ" అన్నా.
స్టాంపు గుద్ది పక్కకి తోసినాడు.

ఆ ఫొటోలో గరిటె అడిగేవాళ్లు ఇంకా అడగతానే ఉన్నారు.
అది మా పొయ్యి పక్కనే ఉంది,
కాడకి చింతపులుసు మరక పట్టి.

నిన్న రాత్రి కరెంటు పోయింది.
తహసీన్ ఫోను కూడా చచ్చిపోయి ఉంది.
ఆఖరిదాన్ని చీకట్లోనే రుద్దినా.
బొటనవేలితో గుంట చుట్టూ తడిమి,
గరుకు తగిలితే మళ్లా రుద్ది,
చివరికి పెదాలకి ఆనించి చూసుకున్నా.
నునుపు ఏ ఫొటోలోనూ పడదు.
అది అవతలామె నోటికే తెలియాలి,
మొదటి ముద్దప్పుడు,
నేను ఎవురో గుర్తులేనప్పుడు.